ఎండలో పెట్టిన సీసా

వేసవి సండేస్కూలు తరగతులకు చార్టులు, రంగు పెన్నులు కొనడానికి మొన్న మార్కాపురం వెళ్లాను. ఎప్పుడూ కొనే దుకాణమే. గల్లా దగ్గర కూర్చున్న సాయిబు నా సంచి కట్టి ఇస్తూ, మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు.

"మా బావ పోయినాడమ్మా. రంజాన్‌కు ముందే. పొద్దున నమాజుకు లేచినాడు, కాళ్లు చేతులు కడిగి వజూ చేసుకుని వచ్చి కూర్చున్నాడు, అంతే."

ఆయన బావ అంటే మా మట్టి సార్. మా పేటలో అందరూ అలాగే పిలిచేవాళ్లు. "అట్లనా అన్నా" అని సంచి అందుకున్నాను.

తిరుగు బస్సులో గిద్దలూరు దాకా కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన ముఖం ఎంత తలుచుకున్నా సరిగా రాలేదు. చేతులు మాత్రం వచ్చాయి. గాజు సీసాలో సగం దాకా మట్టి నింపి, మూతి మీద వెండిరంగు రేకు పరిచి, అంచు చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చే చేతులు. పాలగిన్నె మీద మూత పెట్టే బాలింత కూడా అంత జాగ్రత్త పడదు. నొక్కడం అయ్యాక సీసాను కుదిపి ఒకసారి చెవి దగ్గర పెట్టుకునేవాడు. "ఏం చెప్తాంది అన్నా?" అని అడిగితే, "ఏమీ చెప్పదమ్మా, అలవాటు" అని సిగ్గుపడేవాడు.

మా పేట గిద్దలూరు నుంచి రాచర్ల పోయే రోడ్డు పక్కన ఉంటుంది. రోడ్డు మీద చర్చి, చర్చి వెనక బోరు, బోరు అవతల గోడ, గోడ అవతల పెట్రోలు బంకు. మా వైపు ఎక్కడ బోరు వేసినా నీళ్లలో ఫ్లోరైడే. పిల్లల పళ్లకు గార, పెద్దల మోకాళ్లకు తాళాలు. మా అత్త కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆ చర్చి వెనక బోరు ఒక్కటే ఎందువల్లనో మంచినీళ్లు ఇచ్చేది. వాటిని మేము దేవుడు చేతికిచ్చినవిగానే ఎంచాం. ఆదివారం సాక్ష్యాల వేళ ఎవరో ఒకరు లేచి ఆ నీళ్ల కోసం స్తుతి చెల్లించకుండా ఆరాధన ముగిసేది కాదు.

ఆ నీళ్లు ఒక ఎండాకాలం పెట్రోలు కంపు కొట్టాయి. బంకులో భూమిలో పూడ్చిన ట్యాంకు చిల్లిపడి చాలాకాలంగా కారుతోందని తర్వాత తేలింది. అధికారులు వచ్చి బోరుకు సీలు వేశారు. బంకు వాళ్లు పాత ట్యాంకు పెకలించి, తడిసిన మట్టినంతా తవ్వి, వెనక ఖాళీ జాగాలో నల్లపట్టా పరిచి దాని మీద గుట్ట పోయించారు. అందులో పేడ కలిపారు, నీళ్లు చల్లారు, నెలల తరబడి యంత్రంతో తిరగేస్తూ వచ్చారు. కొంత గాలికి పోతుందట, కొంత మట్టిలో ఉండే కంటికి కనిపించని పురుగులు తినేస్తాయట. శుద్ధి అయిందని తేలితే ఆ మట్టిని మళ్లీ ఆ గోతిలోనే పోస్తారు. ఆ తర్వాతే బోరు కడిగి తెరుస్తారు. శుద్ధి కాకముందే పోస్తే వానలకు మళ్లీ బోరులోకే దిగుతుంది. ఆ మట్టి సంగతి తేల్చడానికి ల్యాబు వాళ్లు పంపిన మనిషే మట్టి సార్.

మొదటిసారి షేర్ ఆటో వచ్చి ఆగినప్పుడు ఆయన ఒళ్లో ఐసుపెట్టె ఉంది. కాళ్ల సందున ఎవరిదో మేకపిల్ల ఉంది. చర్చి అరుగు మీద కూర్చున్న మా అత్త పిలిచింది.

"ఏం చేపలు నాయనా?"

"చేపలు కాదవ్వా. మట్టి కోసం వచ్చినా."

"మట్టికి ఐసెందుకు?"

"ఎండకు చెడిపోకుండా."

"ఇదేం కాలమే తల్లీ!" అని అత్త నా వైపు తిరిగింది. "మనకు తాగను సల్లనీళ్లు లేవు. మట్టికి మాత్రం ఐసు పెట్టేదానికి మనిషిని పంపించినారు."

ఆయన పెట్టె తెరిచి ఒక ఐసుముక్క తీసి, జేబురుమాల్లో చుట్టి, ఆమె మోకాలి మీద పెట్టాడు. అత్త కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత, "రోజూ రా నాయనా" అంది.

గుట్ట దగ్గర ఆయన పని చూడటానికి మేమంతా చుట్టూ చేరేవాళ్లం. పైన ఉన్న మట్టిని ఆయన ముట్టుకునేవాడు కాదు. పారతో పక్కకు లాగేసి, చెయ్యి భుజం దాకా దూరేంత గుంత తీసి, అప్పుడు లోపలి నుంచి తీసేవాడు.

"పైనుండే మట్టి మర్యాదస్తుడమ్మా" అనేవాడు. "ఇంటికొచ్చిన సుట్టం మాదిరి అన్నీ బాగానే ఉన్నాయంటాడు. లోపలుండేటోణ్ణి అడగాల."

తీసిన మట్టి రెండు రకాల సీసాల్లోకి వెళ్లేది. చిన్న సీసాల్లో గాలి చొరకుండా మూతిదాకా కూరి ఐసులో పెట్టేవాడు. అవి ల్యాబుకు. పెద్ద సీసాల్లో సగం నింపి, రేకు కట్టి, చర్చి గోడ మీద వరసగా ఎండలో పెట్టేవాడు. ఎండ వేడికి మట్టిలో దాక్కున్న ఆవిరి పైకి లేస్తుంది. రేకుకు సన్నటి రంధ్రం పొడిచి, ఆవిరిని కొలిచే మీటరు గొట్టం దూర్చితే అంకె పెరుగుతుంది. ఆవిరి లేకపోతే అంకె కదలదు. సీసాది మొదటి మాట, ల్యాబుది చివరి మాట అని ఆయన చెప్పాడు.

ఆయనకు వాసన తెలియదన్న సంగతి మాకు టీ దగ్గర తెలిసింది. యాలకులు ఎక్కువ వేసి పెట్టి, "వాసన ఎట్లుంది అన్నా?" అని అడిగాను.

"నాకు రాదమ్మా. కరోనాలో పోయింది, మళ్లీ రాలే."

పక్కనున్న మా బావ పకపకా నవ్వాడు. బావ అంటే మా ఇంటాయన అన్న, మా సంఘపెద్ద. "పెట్రోలు మట్టిని చూసేదానికి ముక్కు లేనోణ్ణి పంపించినారే! కంటికి ఆపరేషన్ చేసేదానికి గుడ్డి డాక్టరు మాదిరి!"

"ముక్కు ఉన్నప్పుడు దాని మాట వినేవాణ్ణి అన్నా" అన్నాడు ఆయన, కొంచెం కూడా నొచ్చుకోకుండా. "తొందరగా ఇంటికి పోవాలనుకున్న రోజు ముక్కు కూడా బాగానే ఉందనేది. ఇప్పుడు నా మాట వినే ముక్కు లేదు. మీటరే గతి."

ఆయన మా విశ్వాసి కాదు. శుక్రవారం వస్తే మధ్యాహ్నానికి గిద్దలూరు మసీదుకు వెళ్లేవాడు. మాకు శుక్రవారం ఉపవాస ప్రార్థన. "అయితే మీకు ఆకలి రోజు, మాకు బిర్యానీ రోజు" అని నవ్వేవాడు. రక్షణ గురించిన కరపత్రం ఒకటి ఆయన చేతికిచ్చాను. నిలబడే మొత్తం చదివి, మడతపెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నా కోసం ప్రార్థన చేస్తాండారామ్మా?"

"చేస్తాండా అన్నా."

"చెయ్యండి. మీ కోసం నేను కూడా చేస్తాండా. ఇద్దర్లో ఎవురిది వింటాడో, ఆయన ఇష్టం."

నేను ఆ మాటకు నవ్వానుగానీ ఆ రాత్రి మోకరించినప్పుడు అదే గుర్తొచ్చింది. ఇప్పటికీ నా విశ్వాసం నాదే. అందులో వెంట్రుకవాసి సడలింపు లేదు. అయినా నా పేరు కూడా ఒక మనిషి రోజుకు అయిదుసార్లు వంగే చోట పలుకుతున్నాడన్న తలంపు నన్ను వదల్లేదు.

మొదటి పరీక్షలో మట్టి శుద్ధి అయినట్టు తేలలేదు. సీసాలు చాలా వాటిలో అంకె పెరిగింది, ల్యాబు కూడా అదే చెప్పింది. యంత్రం మళ్లీ తిరిగింది. మేము ట్యాంకరు నీళ్లతో సరిపెట్టుకున్నాం. ట్యాంకరు రాని రోజు ఫ్లోరైడు నీళ్లే. శీతాకాలం వెళ్లిపోతూ ఉండగా ఆయన రెండోసారి వస్తున్నాడని కబురు వచ్చింది. ఎండాకాలం ముంచుకొస్తోంది. ఈసారైనా ఎలాగైనా తేలాలని మా బావ పట్టుబట్టాడు. సంఘమంతా ఉపవాసం ఉంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

మావాళ్లంతా రైతులు. పొలం మట్టి పరీక్షకు ఎలా తీయాలో వ్యవసాయశాఖ వాళ్లు ఎన్నో ఏళ్లుగా నేర్పుతూ వచ్చారు. పొలమంతా అక్కడక్కడా గుంతలు తీసి మట్టి తేవాలి. కలిపి, కుప్ప చేసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు తీసేయాలి. మిగిలింది నీడన ఆరబెట్టి, గడ్డలు చిదిపి, జల్లించి, గుడ్డసంచిలో కట్టాలి. మార్కాపురం నుంచి వచ్చే మనిషికి శ్రమ తప్పిద్దామని మా బావ గుట్ట మట్టికి కూడా ఈ పనంతా ముందే చేయించాడు. నీడ కావాలి కదా, చర్చి లోపలే దుప్పట్లు పరిచారు. ఆ ఆదివారం వాక్యం జరుగుతుంటే కొందరికి తల తిరిగింది. కిటికీలు తెరిచి ఆరాధన కొనసాగించాం. తల తిరగడం ఎందుకో ఎవరికీ తోచలేదు.

ఆయన వచ్చేసరికి బల్ల మీద గుడ్డసంచులు వరసగా ఉన్నాయి. మూతులకు చీటీలు కట్టి ఉన్నాయి. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బహుమతి పంచేవాడిలాగా.

మట్టి సార్ ఒక సంచి విప్పి కొంచెం అరచేతిలో పోసుకున్నాడు. పిండిలాగా జారింది.

"పంట కోసమైతే అన్నా, ఇంత బాగా తీసినోళ్లను నేను చూడలే" అన్నాడు నెమ్మదిగా. "ఆరబెట్టినప్పుడు వాసన వచ్చిందా?"

"కొంచెం వచ్చింది. కిటికీలు తెరిచినాం."

"అట్లయితే నేను పట్టుకోవాల్సినోడు ఆ కిటికీలోంచే పోయినాడు."

బావకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన అన్న మాటకు నేను ఉలిక్కిపడ్డాను.

"అయితే ఇది పాసవుతాదా?"

"ఇది తప్పకుండా పాసవుతాది."

"అయితే ఇదే పంపియ్యి సార్!" బావ సంచులను ఆయన వైపు నెట్టాడు. "నీకేం తెల్సు మా బాధ? మా అమ్మ కాళ్లు చూసినావు గదా. ఈ ఎండాకాలం కూడా ఆ ఫ్లోరైడు నీళ్లు తాగిస్తే ఆమె మంచం దిగదు. మేం అన్నం మానుకుని అడిగినాం. దేవుడు శుద్ధి చేసినాడని నమ్ముతున్నాం. నడుమ నీ సీసా ఏంది?"

మట్టి సార్ సంచి మూతి మళ్లీ ముడివేశాడు. ఒకటికి రెండుసార్లు చూసి గట్టిగా వేశాడు.

"ఆయన శుద్ధి చేసి ఉంటే అన్నా, సీసాకు మనం భయపడేదెందుకు?"

మట్టి సార్ పార తీసుకుని గుట్ట దగ్గరకు వెళ్లాడు. తాజాగా తవ్విన మట్టి ఒక సీసాలో, సంచిలోని మట్టి ఒక సీసాలో పోసి, రేకులు కట్టి, గోడ మీద పక్కపక్కన పెట్టాడు. తర్వాత మీటరు బావ చేతికే ఇచ్చి గొట్టం దూర్చమన్నాడు. సంచి మట్టి సీసాలో అంకె కదల్లేదు. తాజా మట్టి సీసాలో అది ఎక్కుతూనే పోయింది. బావ మీటరును వెనక్కిచ్చి, అరుగు మీద తల్లి పక్కన చతికిలబడ్డాడు.

ప్రభువు తిరిగి లేచాడంటే, గాయంలో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్న శిష్యుడి కథ నేను పిల్లలకు ఎన్నో ఏళ్లు చెప్పాను. అతనిలా ఉండకూడదు పిల్లలూ అని ముగించేదాన్ని. ఆ రోజు తర్వాత అలా ముగించలేకపోయాను. ప్రభువు అతణ్ణి బయటకు గెంటలేదు. చెయ్యి చాపి, ఇదిగో పెట్టి చూడమన్నాడు. పెట్టి చూడమనడానికి ఆయనకు భయం లేదు. భయం ఉన్నది మాకే.

ఆ ఆదివారం బావ ప్రసంగవేదిక దగ్గర నిలబడి మట్టి తేలలేదని చెప్పాడు. సంచుల సంగతీ చెప్పాడు. వాటినే పంపమని తాను అడిగిన సంగతి కూడా దాచలేదు.

సమస్య ఎక్కడుందో మట్టి సార్ వెళ్లేముందే చూపించాడు. గుట్టలో నల్లరేగడి గడ్డలు ఉన్నాయి. యంత్రం వాటిని దొర్లిస్తోందే తప్ప పగలగొట్టడం లేదు. పెట్రోలు ఆ గడ్డల కడుపులో కూర్చుంది. గడ్డలు కొట్టడం మావాళ్లకు ఒకరు నేర్పాలా? బంకు వాళ్ల అనుమతితో, మూతులకు మాస్కులు కట్టుకుని, కొయ్య సుత్తులతో దిగారు. "బీడీ ముట్టించినోణ్ణి నేనే పూడ్చిపెడతా" అని మట్టి సార్ ఫోనులో హెచ్చరించాడు. కొమరోలు నుంచి మా ఆడబిడ్డ కొడుకులు కూడా బస్సెక్కి వచ్చారు. గుట్టను వంతులు వేసుకున్నారు. గోడ వారన ఉన్న మూల బావ వంతుకు వచ్చింది.

ఇప్పుడు మేము ఆ బోరు నీళ్లే తాగుతున్నాం కాబట్టి చివరికి ఏమైందో దాచేదేమీ లేదు. నేను చెప్పాలనుకున్నది మూడో పరీక్ష రోజు సంగతి.

ఎండలు ముదిరాయి. మట్టి సార్ ఆ రోజు రంజాన్ ఉపవాసం ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మేం నీడకు రమ్మన్నా రాలేదు. చర్చి గోడ పొడవునా సీసాలు నిలబడ్డాయి. ఒక్కొక్క దానిలో గొట్టం దూర్చుతూ వచ్చాడు. ఒక్క దానిలో కూడా అంకె కదల్లేదు. చివరి సీసా అయ్యేసరికి ఎవరో పాట ఎత్తుకోబోయారు. చప్పట్లకు చేతులు లేచాయి.

"ఆగండి" అన్నాడు మా బావ.

అందరూ ఆయన వైపు చూశారు.

"సార్, గోడ వార ఆ మూల తీసినావా?"

"దాని పక్కన తీసినా అన్నా."

"పక్కన కాదు, ఆ మూలే." బావ తల దించుకున్నాడు. "ఆ మూల నాది. భుజం నొప్పెట్టి అడుగు గడ్డలు కొట్టలే. పైన మెత్తమట్టి కప్పి వచ్చినా. ఎవురికీ చెప్పలే."

అరుగు మీద నుంచి మా అత్త కేక వేసింది. "అంతా అయిపోయినాక ఏందిరా నీ గోల? నోరు మూసుకోని ఉండరాదా?"

"నువ్వు తాగే నీళ్లేమ్మా" అన్నాడు బావ.

గుంత బావే తీశాడు. మట్టి సార్ పక్కన కూర్చుని చెయ్యి లోపలికి పెట్టి, చేతికందిన గడ్డను సీసాలో వేసి చిదిపాడు. రేకు పరిచాడు. సీసాను గోడ మీద పెట్టి లేచాడు. ఆవిరి లేవాలి కాబట్టి అందరం నిలబడ్డాం. మాలో చాలామంది కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. నేను కూడా కళ్లు మూసుకున్నాను, మధ్యలో తెరిచాను. ఇంటిలోనైనా చర్చిలోనైనా ప్రార్థన అనగానే రెప్ప వాల్చే మా బావ, కళ్లు విప్పి ఆ సీసానే చూస్తూ నిలబడి ఉన్నాడు. చెమట కారి కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు.

మట్టి సార్ గొట్టం దూర్చాడు. అంకె లేచింది. ఆగింది. మళ్లీ లేచింది.

జనంలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఆయన మీటరు కట్టేసి, బావ ముఖంలోకి చూశాడు.

"ఈ మూల నేను చూసి ఉండను అన్నా."

"నాకు తెల్సు సార్."

ఆ మూల మట్టిని వేరు చేసి, పట్టాలో చుట్టి, బయటకు పంపాలని మట్టి సార్ బంకు మనుషులకు చెప్పాడు. మిగతా గుట్ట మాట ల్యాబు చెబుతుందన్నాడు. ఎవరికీ కాళ్లు కదల్లేదు. అంతలో అరుగు మీద నుంచి, లేవలేక చేతికర్ర నేలకేసి కొడుతూ మా అత్త అరిచింది.

"ఎత్తండ్రా మరి ఆ మూల మట్టిని! చూస్తా నిలబడినారేంది?"